ప్రభువు బల్ల వద్ద పసివారికి చోటున్నదా?

రెండేళ్ల క్రిందట ఒక ఆదివారం నాడు, మన కళాశాల పూర్వ విద్యార్థి ఒకరి ఆహ్వానంపై, గుణదలలో వారి బంధువుల ఇంట జరిగిన విందుకు వెళ్లాను. ఆ ఇంటి ఎనిమిదేళ్ల బాలుడు ఆ ఉదయమే తోటి పిల్లలతో కలిసి తెల్లని దుస్తులు ధరించి, చేత క్రొవ్వొత్తి పట్టుకొని, దేవాలయంలో మొట్టమొదటిసారిగా దివ్యసత్ప్రసాదం స్వీకరించాడు. ఇల్లంతా పండుగ సందడి. మెడలో పూలదండతో ఆ పసివాడు పెద్దలందరికీ నమస్కరిస్తూ తిరుగుతున్నాడు. అరుగు మీద ఒక మూల మాత్రం మరొక బాలుడు ముఖం ముడుచుకొని కూర్చున్నాడు. వాడు మా విద్యార్థి తమ్ముడు, పదకొండేళ్లవాడు, ఆ ఎనిమిదేళ్లవానికి మేనత్త కొడుకు. తల్లి పుట్టిల్లు కథోలిక కుటుంబం. తండ్రి బందరు ప్రాంతపు సి.ఎస్.ఐ. కుటుంబీకుడు. పిల్లలు తండ్రి చర్చికే చెందినవారు.

ప్రక్కన కూర్చొని పలకరించితిని. వాడు ఇలా అన్నాడు: “మీరే చెప్పండి మాస్టారూ, వాడు నాకన్నా మూడేళ్లు చిన్నవాడు. వాడికి పెట్టారు. మా చర్చిలో నాకింకా పెట్టరు. నాన్నతో పాటు ముందుకు వెళ్తాను, మోకరిస్తాను. నాన్నకు రొట్టె ఇస్తారు. నా దగ్గరకు వచ్చేసరికి తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్లిపోతారు. నేనేం తప్పు చేశాను?”

తప్పేమీ లేదని వానికి చెప్పాను గాని, కారణం మాత్రం చెప్పలేకపోయాను. ఎం.ఏ. చదివి, తరగతి గదిలో ప్రతిదినం ప్రశ్నలకు సమాధానాలు చెప్పే నాకు ఆ పసివాని ప్రశ్న చిన్నతనంగా తోచింది. తరువాత ఆ విషయమై కొంత చదివాను, కొందరు గురువులనూ పాస్టరుగార్లనూ అడిగాను. అలా తెలిసికొన్నదే ఈ వ్యాసం. నేను ముస్లిమును; ఆ సంస్కారంలో నాకు భాగం లేదు; ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పు చెప్పే అధికారమూ లేదు. అయినా పిల్లలకు ఎప్పుడు, ఎంతవరకు మతంలో పాలుపంచుకొనే హక్కున్నదనే ప్రశ్న ఏ ఒక్క మతానికో పరిమితమైనది కాదు.

ముందుగా విషయమేమిటో తెలిసికొందాము. యేసు తాను అప్పగింపబడిన రాత్రి శిష్యులతో కలిసి భోజనం చేస్తూ రొట్టెను విరిచి, పాత్రను అందించి, తన జ్ఞాపకార్థం దీనిని చేయుచుండుమని చెప్పినట్లు సువార్తలు తెలుపుతున్నవి. ఆనాటి నుండి నేటి వరకు క్రైస్తవులు రొట్టెను, ద్రాక్షారసమును పంచుకొని దానిని ఆచరిస్తున్నారు. అందు యేసు ఏ విధంగా సన్నిహితుడై ఉంటాడన్న విషయంలో సంఘాలు చీలిపోయినవి. ఆ చర్చ మనకిక్కడ అవసరం లేదు. కాని మన తెలుగులో ఆ ఒక్క ఆచారానికి ఎన్ని పేర్లున్నవో గమనించదగినది. కథోలికులు దివ్యసత్ప్రసాదం అంటారు. సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు సంఘాలవారు ప్రభు రాత్రి భోజనమనీ, సంస్కారమనీ, వాడుకలో క్లుప్తంగా ‘బల్ల’ అనీ అంటారు. బ్రదరెన్ సమాజాలవారు రొట్టె విరుచుట అంటారు.

ఈ పేర్లలోనే తగవు దాగి ఉన్నదని నాకనిపిస్తుంది. ప్రసాదం అన్న మాట వినగానే తెలుగువాని మనస్సులో ఏ చిత్రం మెదులుతుంది? ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి ప్రసాదం చంకనున్న బిడ్డ నోటికి కూడా అందుతుంది. నీకు దీని అర్థం తెలుసునా అని ఆ బిడ్డను ఎవరూ అడుగరు. మన ఇండ్లలో ఫాతిహా అయిన తరువాత మిఠాయి ముందుగా పిల్లల చేతిలోనే పడుతుంది. ప్రసాదమనగా అనుగ్రహం, అనుగ్రహానికి వయస్సు లేదు. ‘బల్ల’ అన్నప్పుడు మాత్రం మర్యాద తెలిసి కూర్చోవలసిన చోటు కనబడుతుంది. పెద్దల పంక్తిలో పిల్లవానికి ఎప్పుడు పీట వేయాలన్నది ఇంటి పెద్దలు ఆలోచించి నిర్ణయించే సంగతి. అయితే చిత్రమేమంటే, ప్రసాదమని పిలిచే కథోలికులు కూడా చంకబిడ్డకు దానిని ఇవ్వరు, ఏడెనిమిదేళ్లు రావలసిందే.

మన కృష్ణా డెల్టాలో ఈ సంఘాలన్నీ ఇరుగుపొరుగున ఉన్నవి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఇరువురు ఆంగ్లికన్ మిషనరీలు మచిలీపట్నం చేరారు. అచ్చటి నోబుల్ కళాశాల పేరు నేటికీ మనకు తెలిసినదే. మరుసటి సంవత్సరం, అనగా 1842లో, ఫాదర్ హయ్యర్ అను లూథరన్ మిషనరీ నదికి ఆవలి ఒడ్డున గుంటూరులో అడుగుపెట్టాడు. కెనడా బాప్టిస్టులు ఉయ్యూరు, అవనిగడ్డ ప్రాంతాలలో పనిచేశారు. ఇటలీ నుండి వచ్చిన కథోలిక గురువులు విజయవాడలో స్థిరపడ్డారు. ఫాదర్ ఆర్లాటి కాలంలో గుణదల కొండ మీద మరియమాత క్షేత్రం వెలిసింది. 1937లో విజయవాడ ప్రత్యేక మేత్రాసనమైంది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు మన ముస్లిం కుటుంబాలు కూడా వెళ్లడం మీలో చాలామందికి అనుభవమే.

వీరిలో కథోలికులు బిడ్డకు నెలల వయస్సులోనే జ్ఞానస్నానమిచ్చి, ఏడెనిమిదేళ్లకు ఉపదేశం చెప్పించి, పాపసంకీర్తనం చేయించి, సత్ప్రసాదమిస్తారు. ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పరచుకొన్న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చినా, బల్లకు మాత్రం కన్ఫర్మేషన్ వరకు ఆగడం మన ప్రాంతంలో కనబడే అలవాటు. అనగా, యుక్తవయస్సు వచ్చే వేళకు కొంతకాలం తరగతులకు వెళ్లి, బిషప్పుగారి ఎదుట తన విశ్వాసాన్ని తన నోటనే ఒప్పుకొనవలెను. లూథరన్ల పద్ధతీ ఇటువంటిదే. బాప్టిస్టులకూ బ్రదరెన్ వారికీ ఈ చిక్కు లేదు. వారు శిశువులకు బాప్తిస్మమే ఇవ్వరు. తెలిసి, నమ్మి, కాలువ నీటిలో మునిగి లేచినవానికే బల్ల. తలుపు ఒక్కటే గనుక తగవు ఆ తలుపు దగ్గరే ముగుస్తుంది. తలుపు తీసి లోనికి రానిచ్చి, పంక్తిలో మాత్రం కూర్చోనివ్వని ఇండ్లలోనే మన బాలుని ప్రశ్న పుడుతుంది.

పిల్లలను ఆపేవారు ముఖ్యంగా ఆధారపడేది అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలోని పదకొండవ అధ్యాయం. ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొని మాత్రమే ఆ రొట్టెను తినవలెననీ, ప్రభువు శరీరమును వివేచింపక తినువాడు తన మీదకు శిక్ష తెచ్చుకొనుననీ ఆయన హెచ్చరిక. పరీక్షించుకొనుట, వివేచించుట – ఈ రెండును పసివానికి సాధ్యం కావు గదా, కనుక ఆగవలెనని వీరి వాదం. వినడానికి బలమైన వాదమే.

కాని ఆ అధ్యాయాన్ని పైనుండి చదివితే వేరొక దృశ్యం కనబడుతుంది. కొరింథు సంఘంలో ధనికులు ముందుగా వచ్చి, తాము తెచ్చుకొన్నది తాము తిని త్రాగి మత్తులయ్యేవారు. పని ముగించుకొని ఆలస్యంగా వచ్చే పేదలు ఆకలితో చూస్తూ ఉండిపోయేవారు. పౌలు మండిపడినది ఆ పెద్దల మీద. ‘శరీరము’ అంటే తోటివారితో కూడిన సంఘమే. ప్రక్కవానిని తన అవయవంగా గుర్తింపకపోవడమే ఆ పాపం అని కొందరు పండితుల వ్యాఖ్యానం. అదే నిజమైతే, పంక్తిలో భేదం చూపిన పెద్దల కోసం వ్రాసిన మాటలను పంక్తి నుండి పిల్లలను లేపడానికి వాడుకొంటున్నామా అన్న సందేహం రాక తప్పదు. ఒక్క రొట్టె, ఒక్క పాత్ర అన్నది కులాల వారీగా నీళ్ల కుండలు కూడా వేరైన మన పల్లెలలో ఎంత కష్టమైన మాటో వేరే చెప్పనక్కరలేదు. ఆ పరీక్షలో తప్పినవారెవరూ పసిపిల్లలు కారు.

ఇక చరిత్రకు వస్తే, ఆదిమ సంఘం పసిబిడ్డలకు ఇచ్చేదనడానికి స్పష్టమైన సాక్ష్యమున్నది. ఉత్తరాఫ్రికాలోని కార్తేజ్ నగరపు బిషప్పు సిప్రియన్ మూడవ శతాబ్దం మధ్యలో వ్రాసిన గ్రంథంలో ఒక సంఘటన కలదు. హింసాకాలంలో తల్లిదండ్రులు పారిపోగా, దాది ఒక శిశువును అధికారుల వద్దకు తీసుకొనిపోయి, విగ్రహాలకు అర్పించిన ద్రాక్షారసంలో నానిన రొట్టె తినిపించింది. తరువాత తల్లి ఆ బిడ్డను ఆరాధనకు తెచ్చినప్పుడు, డీకను పాత్ర అందిస్తే బిడ్డ ముఖం త్రిప్పుకొని నోరు మూసుకొన్నదట. బలవంతంగా పోస్తే కక్కివేసినదట. సిప్రియన్ దీనిని వ్రాసింది విగ్రహార్పితం తిన్న పెద్దలను భయపెట్టడానికి. మనకు కావలసింది మాత్రం ఆయన తలవని తలంపుగా చెప్పిన సంగతి: మాటలు రాని బిడ్డకు పాత్ర అందించడం ఆ రోజులలో వింత కాదు.

తూర్పు సంఘాలు ఆ సంప్రదాయాన్ని నేటికీ వదలలేదు. గ్రీకు, రష్యన్ ఆర్థడాక్సు దేవాలయాలలో బాప్తిస్మం పొందిన శిశువుకు ద్రాక్షారసంలో నానిన రొట్టెను చిన్న చెంచాతో నోటికందిస్తారు. అంతదూరం ఎందుకు? మన పొరుగున కేరళలోని సిరియన్ ఆర్థడాక్సు కుటుంబాలలో శిశువుకు బాప్తిస్మమునాడే ఇదియు అందుతుంది. మన బాలుడు కొట్టాయంలో ఆ కుటుంబాలలో పుట్టి ఉంటే అరుగు మీద మూతి ముడుచుకొని కూర్చొనవలసిన అవసరమే వచ్చేది కాదు!

మరి పశ్చిమాన ఎందుకు ఆగింది? ఒకరోజు ఎవరో ఆలోచించి ఆపివేసినది కాదు. శిశువు రొట్టె నమలలేదు గనుక ద్రాక్షారసపు చుక్క మాత్రమే ఇచ్చేవారు. సుమారు పన్నెండవ శతాబ్దం నాటికి, ఒలికిపోవునేమోనన్న భయభక్తులతో, సామాన్య జనానికి పాత్ర ఇవ్వడమే క్రమంగా మానివేశారు. పెద్దలకు రొట్టె మిగిలింది. శిశువుకు ఏదీ మిగలలేదు. సిద్ధాంతం ఆ తరువాత వచ్చింది. 1215లో నాల్గవ లాటరన్ మహాసభ వివేకం తెలిసే వయస్సు వచ్చిన ప్రతివారూ ఏడాదికొకసారైనా పాపసంకీర్తనం చేసి, ఈస్టరునాడు సత్ప్రసాదం తీసికొనవలెనని శాసించింది. 1417 ప్రాంతంలో బొహీమియాలో హుస్ అనుచరులు పాత్రను జనానికి తిరిగి ఇచ్చినప్పుడు పసిబిడ్డలకు కూడా ఇచ్చారు. రెండూ కలిసి పోయినవి, రెండూ కలిసి తిరిగి వచ్చినవి. 1562లో ట్రెంట్ మహాసభ, శిశువులకు ఇది అవసరం లేదు, అయినా పూర్వులు ఇచ్చినందుకు వారిని తప్పుపట్టరాదు అని మధ్యేమార్గంగా పలికింది.

వివేకం తెలిసే వయస్సు ఏది అన్న దగ్గర మళ్లీ జారుడు మొదలైంది. భక్తి పేరిట ఒకచోట పదేళ్లు, ఒకచోట పన్నెండు, మరొకచోట పద్నాలుగు అన్నారు. దీనిని సరిదిద్దినవాడు పదవ పయస్ పోపు. నాలుగేళ్ల ఐరిష్ బాలిక ఎలెన్ ఆర్గన్, మరణించడానికి కొద్దివారాల ముందు, 1907 డిసెంబరులో ప్రత్యేకానుమతితో సత్ప్రసాదం పొందింది. ఆ వార్త పోపును కదిలించిందని చెబుతారు. 1910 ఆగస్టు 8న వెలువడిన ఆయన శాసనం ప్రకారం ఏడేళ్లు ఇంచుమించుగా చాలును. పూర్తి వేదజ్ఞానం అవసరం లేదు. ఈ రొట్టె మామూలు రొట్టె కాదని గుర్తిస్తే చాలును. 1983 నాటి ధర్మశాస్త్ర సంహితలో ఆ నియమం ఇంచుమించు అట్లే ఉన్నది; మరణాపాయంలో ఉన్న బిడ్డకు మరింత సడలింపు ఉన్నది. గుణదలలో నేను చూచిన పూలదండ, క్రొవ్వొత్తి, తెల్లచొక్కా అన్నిటి వెనుకనున్నది ఈ శాసనమే.

ప్రొటెస్టంటుల ఆలస్యాన్ని మొండితనమని కొట్టివేయడం న్యాయం కాదు. జనం అర్థం తెలియక యాంత్రికంగా తినిపోతున్నారన్న బాధలో నుండి పుట్టిన పద్ధతి అది. లూథరు 1529లో వ్రాసిన చిన్న ఉపదేశ గ్రంథం నిండా ‘దీని అర్థమేమి’ అన్న ప్రశ్నే తిరిగి తిరిగి వస్తుంది. కాల్విన్ శిశువులకు బాప్తిస్మమివ్వడాన్ని గట్టిగా సమర్థించి కూడా, భోజనం మాత్రం పరీక్షించుకొన గలవానికే అన్నాడు. ఇంగ్లాండు సంఘపు ప్రార్థన గ్రంథం కన్ఫర్మేషన్ పొందినవాడు గాని, పొందడానికి సిద్ధపడి కోరుచున్నవాడు గాని తప్ప ఇతరులు రారాదన్నది. మన డెల్టాలో ఈ పట్టుదలకు ఒక మంచి ఫలం కూడా కలిగింది. అక్షరం ముట్టనివ్వని కులాలలో పుట్టిన పిల్లలకు పల్లె ఉపదేశిగారి బడి తెరచుకొన్నది. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నేర్చుకోవాలన్న మిషతో చదువు ఇంటిలోనికి వచ్చింది. బల్లకు ముందు పాఠం అన్న నియమం ఆ కుటుంబాలకు అడ్డుగోడ కాలేదు, మెట్టు అయింది. ఇది మరచి మాట్లాడరాదు.

అయినా ఆ సంఘాలలోనే ఇరవయ్యవ శతాబ్దం ద్వితీయార్ధంలో పునరాలోచన మొదలైంది. 1982లో ప్రపంచ సంఘాల మండలి వెలువరించిన లీమా పత్రం శిశువులకు బాప్తిస్మమిచ్చి భోజనానికి నిరాకరించే సంఘాలను ఆలోచించుకొమ్మని కోరింది. 1985లో బోస్టన్‌లో సమావేశమైన ఆంగ్లికన్ ఆరాధనా పండితులు బాప్తిస్మమే బల్లకు చాలిన అర్హత అన్నారు. 2006లో ఇంగ్లాండు సంఘం, బిషప్పు అనుమతితో, కన్ఫర్మేషన్‌కు ముందే పిల్లలను చేర్చుకొనే నిబంధనలు చేసింది. వీరు మరొక సంగతిని కూడా గుర్తుచేస్తారు: యేసు ఆ రాత్రి భుజించినది యూదుల పస్కా భోజనమని మూడు సువార్తలు చెబుతున్నవి. పస్కా పంక్తిలో పిల్లలుంటారు. ఉండడమే కాదు, దీని అర్థమేమి అని అడగవలసినవారు వారే. తెలిసికొని కూర్చోవడం కాదు, కూర్చొని అడిగి తెలిసికోవడం అక్కడి పద్ధతి.

మన సంప్రదాయం ఈ విషయమై ఏమంటున్నదో విద్యార్థులు అడుగవచ్చు. మన ఫికహ్‌లో ‘తమీజ్’ అన్న మాట ఉన్నది. మంచిచెడులను వేరుచేసి గుర్తించుట అని దాని భావం. పౌలు చెప్పిన వివేచన కూడా ఇదే. దానికి ధర్మవేత్తలు సామాన్యంగా చెప్పే వయస్సు ఏడేళ్లు. ఏడవ ఏట నమాజు చేయమని చెప్పండి, పదవ ఏట గట్టిగా పట్టుబట్టండి అని హదీసు. బాధ్యత మాత్రం యుక్తవయస్సు వచ్చిన తరువాతనే. బ్రాహ్మణ కుటుంబాలలో ఉపనయనానికి శాస్త్రం చెప్పినదీ ఎనిమిదవ ఏడు. పాలపళ్లు రాలే వయస్సుకు లోకమంతటా ఏదో గౌరవమున్నట్లున్నది! అయితే దానికి ముందు ఏమీ లేదా? హజ్ యాత్రలో ఒక స్త్రీ తన పసిబిడ్డను పైకెత్తి చూపి, వీనికి కూడా హజ్ ఉన్నదా అని ప్రవక్త (స) వారిని అడిగిందనీ, ఉన్నది, దాని పుణ్యం నీకున్నూ కలదు అని వారు సెలవిచ్చారనీ హదీసు. పెరిగిన తరువాత చేయవలసిన హజ్ ఆ బిడ్డకు తప్పదు. ఐనా చేతులలో చేసిన ఆ యాత్ర లెక్కకు రాకపోలేదు. మన ఖురాన్‌లో ఒక అధ్యాయానికి ‘మాయిదా’ అని పేరు. వడ్డించిన బల్ల అని అర్థం. ఆకాశం నుండి ఒక బల్లను దింపుమని ఈసా (అ) ప్రార్థించినప్పుడు, అది తమలో మొదటివారికీ చివరివారికీ పండుగ కావలెనని కోరారు. క్రైస్తవుల సంస్కారమూ ఇదీ ఒక్కటేనని నేననడం లేదు. చివరివారికి కూడా అన్న మాట మాత్రం ఆ అరుగు మీది పిల్లవానిని తలచుకొన్నప్పుడల్లా నాకు గుర్తుకు వస్తుంది.

బయటివాడినైనా చదివినవానిగా నాకు తోచినది చెప్పక మానడం కపటమవుతుంది. తెలియనివానికి ఇవ్వరాదన్న నియమాన్ని నిజాయితీగా పాటిస్తే పెద్దలలో ఎందరు మిగులుతారు? ఆ రొట్టెలో జరిగేదేమిటో అయిదువందల ఏళ్లుగా మహాపండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ బాలుడు మాత్రం ఒక సంగతి స్పష్టంగా ఎరుగును: అది మామూలు రొట్టె కాదు. మామూలుదైతే ఇంట్లో అమ్మనడిగి తినేవాడు. అది దొరకనందుకు అరుగెక్కి కూర్చొనేవాడు కాదు. పదవ పయస్ కోరిన వివేచన అంతే గదా! కనుక ఏడేళ్ల నియమం నాకు సబబుగా కనబడుతుంది. చంకబిడ్డకు ఇవ్వడం విషయంలో తూర్పు సంఘాల పక్షాన చరిత్ర ఉన్నది, మమత ఉన్నది. కాని కోరుకొని అందుకొన్న రోజు ఒకటి జ్ఞాపకంలో ఉండడం కూడా పిల్లవానికి చిన్న భాగ్యం కాదు. సిద్ధపాటు తరగతులు ఎక్కడికీ పోవు; బల్లకు ముందు చెప్పే పాఠాన్ని బల్ల తరువాత కూడా చెప్పవచ్చును.

ఆ బాలునికి ఇప్పుడు పదమూడో ఏడు. ఈ వేసవి నుండి కన్ఫర్మేషన్ తరగతికి వెళ్తున్నాడు. మొన్న ఏలూరు కాలువ వంతెన దగ్గర కనబడి, సైకిలు ఆపి నమస్కరించాడు. అలక ఏనాడో తీరిపోయింది. క్రొత్త చిక్కు వచ్చిపడిందట.

“మా చెల్లికి అయిదేళ్లు మాస్టారూ. పాస్టరుగారు రొట్టె విరుస్తుంటే నా చొక్కా పట్టుకు లాగి, ‘అదేంటన్నయ్యా, మనకెందుకు పెట్టరు?’ అని గట్టిగా అడిగేసింది. అందరూ మావైపు చూశారు.”

“పాస్టరుగారినే అడగకపోయావా నాయనా?” అన్నాను.

“అడిగానండీ. తరగతిలో నేర్చుకుంటున్నావుగా, నువ్వే చెప్పు అన్నారు.”